కొరియన్ షీట్ రాయి కాదు: వంట గట్టుకీ దేవుడి మందిరానికీ వేయించుకునే ముందు

"అన్నా, ఇది కొరియా నుంచి వస్తుందా?" షాపులో అడుగుపెట్టినవాళ్లలో చాలామంది మొదటి ప్రశ్న ఇదే. రాదండీ. కొరియన్ అనేది అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తన సరుకుకి పెట్టుకున్న పేరు. 1967లో ఆ కంపెనీ కెమిస్టు డొనాల్డ్ స్లోకమ్ దీన్ని తయారుచేశాడు, 1971లో మార్కెట్లోకి వచ్చింది. ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టు ఇప్పుడు ఏ కంపెనీ షీటునైనా కొరియన్ అనే పిలుస్తున్నారు. ఎల్‌జీ వాళ్లు మొదలుపెట్టిన హై-మాక్స్, సామ్‌సంగ్ వాళ్లు మొదలుపెట్టిన స్టారాన్ నిజంగానే కొరియా సరుకు కాబట్టి తికమక ఇంకాస్త పెరిగింది. సరుకు అసలు పేరు అక్రిలిక్ సాలిడ్ సర్ఫేస్.

మా నాన్న వడ్రంగి. టేకు మీద, ప్లైవుడ్ మీద చెయ్యి తిరిగాక నేను జీడిమెట్లలో ఒక వర్క్‌షాపులో ఈ పనిలోకి వచ్చాను. పద్దెనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో పాడైన పనులు ఎన్నో విప్పి చూశాను. షీటే చెడ్డదైన కేసులు తక్కువ. దాన్ని రాయి అనుకుని బిగించినవాళ్లూ, రాయి అనుకుని వాడినవాళ్లూ ఎక్కువ. అందుకే ముందు లోపల ఏముందో చెప్తాను.

బరువు లెక్కన చూస్తే ఇందులో సుమారు మూడింట రెండొంతులు అల్యూమినా ట్రైహైడ్రేట్ అనే తెల్లటి ఖనిజం పొడి. మిగతా వంతు అక్రిలిక్ రెసిన్, అందులోనే కొంచెం రంగు. ఆ పొడి బాక్సైట్ నుంచి తీస్తారు. మన అరకు, చింతపల్లి కొండల్లో ఉన్న ఖనిజం అదే. అరకు దాటి కోరాపుట్ వైపు పోతే దామన్‌జోడిలో నాల్కో వాళ్లు బాక్సైట్‌ని శుద్ధి చేసే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. ఇక అక్రిలిక్ అంటే కారు వెనక లైట్ల అద్దాల్లో, షాపుల మెరిసే బోర్డుల్లో చూసే ప్లాస్టిక్కే. షీటు బరువూ, చేతికి తగిలే గట్టిదనమూ, నిప్పుకి తొందరగా అంటుకోని గుణమూ ఖనిజానివి. ఆ పొడి బాగా వేడెక్కితే తనలో ఉన్న నీటిని ఆవిరిగా వదులుతుంది, అందుకే మంట పాకదు. రూటర్ అనే కోత మిషనుతో చెక్కలా కోయడం, వేడి చేసి వంచడం, అతుకు కనపడకుండా కలిపేయడం, ఇవన్నీ అక్రిలిక్ పుణ్యం. ఎండకి సాగేదీ, వేడి గిన్నెకి లొంగిపోయేదీ కూడా ఆ అక్రిలికే.

పైనుంచి కిందిదాకా ఒకటే సరుకు. పైన ఒక పొర, లోపల వేరే చెక్క అనేది లేదు. సన్మైకా మీద గీత పడితే లోపలి నల్లటి కాగితం బయటపడుతుంది. ఇక్కడ గీత పడితే గీత కిందా అదే రంగు. ఎమరీ పేపర్‌తో రుద్దితే పోతుంది. రంధ్రాలు లేవు కాబట్టి నీళ్లు, నూనె లోపలికి ఇంకవు. ఆసుపత్రి నర్సుల కౌంటర్లకి, ల్యాబ్ బల్లలకి దీన్ని ఎంచుకునేది అందుకే. గట్టు గోడకి ఆనే చోట మూల లేకుండా గుండ్రంగా పైకి లేపేస్తాం, మురికి కూర్చునే సందే ఉండదు.

షాపులో షీటు చూసేటప్పుడు

మామూలుగా దొరికేది 12 మి.మీ. మందం, 12 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. బరువు 55 కేజీల పైమాటే. ఇంట్లోకి తెచ్చేటప్పుడు ఇద్దరు మనుషులు నిలువుగా పట్టుకుని మోయాలి. పళ్లెంలా పడుకోబెట్టి ఎత్తితే మధ్యలో విరుగుతుంది. మీ ఇంటికి వచ్చిన కుర్రాళ్లు అలా ఎత్తుతుంటే అక్కడే ఆపండి.

షీట్లు రెండు జాతులు. రెసిన్ అంతా అక్రిలిక్ అయినది ఒకటి. అందులో పాలిస్టర్ కలిపినది రెండోది, దాన్ని మోడిఫైడ్ అంటారు. పాలిస్టర్ కలిసినంత మాత్రాన చెత్త సరుకని నేను అనను. ఇంటి లోపల, తిన్నగా ఉండే చిన్న కౌంటరుకి అది చాలు. కానీ వంపు తిరగాల్సిన పనికి పనికిరాదు, ఎండ తగిలే చోట తొందరగా పసుపు పచ్చగా మారుతుంది. ధర మాత్రం అక్రిలిక్‌ది చెప్పి చేతికి మోడిఫైడ్ ఇస్తే అది మోసమే. తేడా తెలుసుకోవాలంటే కోసేటప్పుడు పక్కన నిలబడండి. పాలిస్టర్ ఉంటే ఫైబర్ బాడీ రిపేరు షాపులో వచ్చే ఘాటు వాసన ముక్కుకి కొడుతుంది. ఇంకా గట్టి పరీక్ష కావాలా, ఒక పట్టీ ముక్క కోయించి ఓవెన్‌లో 150, 160 డిగ్రీల దాకా వేడి చేయించి పాల క్యాను చుట్టూ వంచమనండి. అక్రిలిక్ తడి తోలులా వంగి, చల్లారాక ఆ వంపులోనే నిలుస్తుంది. రెండోది వంపు బయటి వైపు నెర్రెలిస్తుంది. నిజమైన పనివాడు ఈ పరీక్షకి విసుక్కోడు.

షీటు వెనక కంపెనీ పేరు, రంగు కోడు, బ్యాచ్ నంబరు అచ్చువేసి ఉంటాయి. రెండు షీట్లు కలిపే పనైతే రెండింటి బ్యాచ్ నంబరు ఒకటే ఉండాలి. ఒకే తెలుపు అనుకున్నది బ్యాచ్ మారితే అతుకు దగ్గర పాలకీ మజ్జిగకీ ఉన్నంత తేడా చూపిస్తుంది.

రంగు విషయంలో నా మాట ఒక్కటే. వంట గట్టుకి నలుపు, ముదురు నీలం వద్దు. ప్రతి గీతా తెల్లగా కనిపిస్తుంది. లేత రంగులో చిన్న చిన్న చుక్కలు ఉన్నది, మ్యాట్ ఫినిషింగ్‌లో తీసుకోండి. అద్దంలా మెరిసే పాలిష్ రిసెప్షన్ కౌంటర్ల కోసం.

సాగే గుణం

ఈ ఒక్క విషయం మేస్త్రీకి తెలుసో లేదో అడిగి తెలుసుకోండి. 12 అడుగుల షీటు 30 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 4 మి.మీ. సాగుతుంది. గ్రానైట్ అందులో పావు వంతు కూడా సాగదు. మన ఊళ్లలో జనవరి తెల్లవారుజామున చల్లగా ఉండే గట్టు మీద మే నెల సాయంత్రం పడమటి కిటికీ ఎండ పడితే ఆ 30 డిగ్రీలు ఎక్కడికీ పోవు.

పనిలోకి వచ్చిన మూడో ఏడు మియాపూర్‌లో ఒక ఫ్లాట్‌కి పిలిచారు. ఎల్ ఆకారం వంట గట్టు, వేసి ఆరు నెలలు. వేసింది వేరేవాళ్లు. కింద నిండా ప్లైవుడ్ పరిచి, దాని మీద ఫెవికాల్ పూసి షీటు అతికించేశారు. రెండు చివరలా గోడకి గట్టిగా తగిలించి, పైన టైల్స్ కూర్చోబెట్టారు. ఏప్రిల్‌లో ఒకరోజు వంట చేస్తుంటే టప్పుమని శబ్దం వచ్చిందట. టార్చి పక్కవాటుగా వేసి చూశాను. స్టవ్ కోసం కోసిన రంధ్రం మూల నుంచి తలవెంట్రుక అంత సన్నటి గీత బయలుదేరి ముందు అంచు దాకా పోయింది. గోరుతో అడ్డంగా గీస్తే ఒక వైపు కొంచెం తడుతోంది, అంటే నిలువునా తెగింది. మూల చూస్తే కత్తితో కోసినట్టు 90 డిగ్రీలు. షీటుకి సాగాలని ఉంది, గోడ పోనివ్వదు, జిగురు వదలదు. ఆ బలమంతా పోయి పదునైన మూల దగ్గర చేరింది. ఆ ఇంటి పెద్దావిడ "ఇంత డబ్బు పోసి ఆర్నెల్లు కాలేదు నాయనా" అని గట్టు మీద చెయ్యి పెట్టి నిలబడిపోయారు. ఆ మాట నాకిప్పటికీ బాధే, ఎందుకంటే పది నిమిషాల పనితో తప్పేది అది.

సరిగ్గా చేస్తే ఇలా ఉంటుంది. కింద నిండా ప్లైవుడ్ అక్కర్లేదు. క్యాబినెట్ అంచుల వెంట, అతుకుల కింద, సింకు స్టవ్ చుట్టూ పట్టీలు చాలు. షీటుని వాటి మీద జానెడుకొకటి చొప్పున సిలికాన్ చుక్కలతో నిలబెడతారు. సిలికాన్ రబ్బరులా కదలనిస్తుంది, ఫెవికాల్ కదలనివ్వదు. మేకు, స్క్రూ షీటులోకి నేరుగా దిగకూడదు. గోడ దగ్గర 3 మి.మీ. సందు వదిలి అదే సిలికాన్‌తో నింపుతారు. లోపలి మూలలన్నీ రూటర్‌తో గుండ్రంగా తీస్తారు. స్టవ్ రంధ్రమైతే మూలల కింద అదే షీటు ముక్కలు అతికించి బలం ఇస్తారు, అంచులు ఎమరీ పేపర్‌తో నున్నగా సాండింగ్ చేస్తారు, వేడి ఒకేచోట పట్టకుండా అల్యూమినియం టేపు చుడతారు. స్టవ్ బాడీకి షీటుకి మధ్య చుట్టూరా ఖాళీ ఉంటుంది. అతుకు ఆ రంధ్రానికి కనీసం మూడంగుళాల దూరంలో ఉండాలి. ఎల్ ఆకారం గట్టుకి అతుకు సరిగ్గా మూలలో పెట్టేవాడి చేత పని చేయించకండి. మూల దాటించి పక్కకి పెట్టాలి.

అతుకు ఎలా మాయమవుతుంది

ఇంటికి వచ్చినప్పుడు చూడాల్సిన పని ఇది. రెండు అంచులనీ రూటర్‌తో ఒకే తోవలో కోస్తాం, ఒకదానికొకటి జోడీ కుదరాలని. జిగురు లేకుండా ఆనించి చూసినప్పుడు వెలుగు అవతలికి కనపడకూడదు. తర్వాత తెల్లటి కొత్త గుడ్డని స్పిరిట్‌లో తడిపి అంచులు తుడుస్తాం. రంగు గుడ్డ వాడితే ఆ రంగు అతుకులోకి దిగి జన్మలో పోదు. షీటు రంగులోనే ఉండే అక్రిలిక్ జిగురు, దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డ్‌నర్ తీసుకుంటాం. అంచు మీద పోసి రెండు ముక్కలూ దగ్గరికి లాగుతాం. షీటు పైన గ్లూ గన్‌తో చెక్క దిమ్మలు అంటించి వాటికి క్లాంపులు వేస్తాం. కొత్త కుర్రాళ్లు ఇక్కడే బలం చూపిస్తారు. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా పైకి కక్కేసి లోపల ఏమీ మిగలదు. కొన్నాళ్లకి అక్కడ సన్నటి గీత తేలుతుంది. అతుకు పొడవునా జిగురు ఒక పూసలా పైకి ఉబికి వస్తే చాలు, ఆపేయాలి.

ముప్పావుగంట తర్వాత ఆ పూస మీద గోరు గుచ్చి చూస్తాను. నొక్కు పడకపోతే గట్టిపడినట్టు. మే నెలలో ఇంకా ముందే గట్టిపడుతుంది, జిగురు పోసి సర్దుకునే టైమే ఉండదు. అందుకే ఎండాకాలం అతుకు పనులు పొద్దున్నే పెట్టుకుంటాం. తర్వాత ఆ పూసని రూటర్‌తో చదును చేసి, ఎమరీ పేపర్ 120 నంబరు నుంచి మొదలుపెట్టి 180, 240, 320, 400 నంబర్ల దాకా సాండింగ్; నంబరు పెరిగేకొద్దీ పేపర్ నున్నగా ఉంటుంది. నంబరు దాటేసే మేస్త్రీ పని వెంటనే తెలిసిపోతుంది, సాయంత్రం లైటు వేస్తే సుడులు సుడులుగా గీతలు కనిపిస్తాయి. డబ్బు చేతికిచ్చే ముందు సెల్‌ఫోన్ లైటు గట్టు మీద వాలుగా వేసి చూడండి.

సాండింగ్ మీ ఇంట్లో జరిగే రోజు పిల్లల్నీ, ఆయాసం ఉన్న పెద్దవాళ్లనీ వేరే చోటికి పంపండి. ఆ దుమ్ము మైదాపిండిలా తేలుతుంది. క్వార్ట్జ్ గట్టు రాయిలో ఉండేంత సిలికా, అంటే ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఇసుక ఖనిజం, ఇందులో లేదు, అది నిజం. ఆ సిలికా వల్లే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ క్వార్ట్జ్ లాంటి ఇంజనీర్డ్ రాయిని నిషేధించింది. అలాగని అల్యూమినా దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకి దుమ్ము పీల్చే మిషను, మంచి మాస్కు లేకుండా సాండర్ చేతికివ్వను. చేతిరుమాలు కట్టుకుని పనిచేసే కుర్రాణ్ణి చూస్తే మీరైనా ఒక మాట అనండి.

మన వంటగదిలో

నిజం చెప్పాలంటే, స్టవ్ చుట్టూ గ్రానైటే వేసుకోమంటాను. మన వంట వేరు. పెనం మీంచి దోసె తీసి పెనాన్ని పక్కన పెడతాం. కుక్కరు విజిల్ అయ్యాక దించి గట్టు మీద పెట్టేస్తాం. ఆ అడుగు వంద డిగ్రీల పైన కాలుతూ ఉంటుంది, పెనమైతే ఇంకా ఎక్కువ. షీటు ఉబ్బుతుంది, తెల్లటి మచ్చ పడుతుంది, ఒక్కోసారి అతుకు విడుతుంది. స్టవ్ ఉన్న నాలుగడుగులు గ్రానైట్, కూరలు తరిగే వైపు, మిక్సీ పెట్టే వైపు సాలిడ్ సర్ఫేస్, ఇలా చేసిన ఇళ్ల నుంచి నాకు ఫిర్యాదు ఫోన్లు రాలేదు. అంతా ఇదే కావాలంటే కుక్కరు కింద కాళ్లున్న ఇనుప స్టాండు ఎప్పుడూ ఉండాలి. పల్చటి గుడ్డ చాలదు.

దీంతోనే చేసిన సింకు అయితే గంజి వార్చేటప్పుడు పక్కన చన్నీళ్ల కుళాయి తిప్పి ఉంచండి. కొబ్బరికాయ గట్టు అంచుకి కొట్టే అలవాటు ఉంటే అది మానాలి. చపాతీ నేరుగా గట్టు మీద ఒత్తుకోవచ్చు, బాగా వస్తుంది.

పసుపు మరక గురించి అందరూ భయపడతారు. ఇది లోపలికి ఇంకదు, పైపైన పట్టుకుంటుంది. వంట సోడా ముద్ద రాసి, మెత్తటి స్క్రబ్బర్‌తో గుండ్రంగా తిప్పండి. కొంచెం మిగిలితే కంగారు వద్దు, పసుపు రంగు వెలుతురుకి తానే పలచబడుతుంది. వాష్ బేసిన్ దగ్గర హెయిర్ డై, గోరింటాకు మాత్రం పడిన వెంటనే తుడవాలి. బాత్రూం యాసిడ్, పెయింటర్ల థిన్నర్ దీనికి పడవు. ఇంట్లో పెయింటింగ్ జరుగుతుంటే థిన్నర్ డబ్బా ఈ గట్టు మీద పెట్టనివ్వకండి.

దేవుడి మందిరం

హైదరాబాద్‌లో ఇప్పుడు నా పనిలో సగం ఇదే. తెల్లటి షీటు, సీఎన్‌సీ అనే కంప్యూటర్ మిషనుతో కోసిన జాలీ, వెనక లైటు, మధ్యలో శంఖు చక్ర నామాలు. ఈ పని నాకు ప్రాణం. రూటర్ బిట్ షీటు వెనక నుంచి చెక్కుకుంటూ పోయి 3 మి.మీ. మాత్రమే మిగిల్చిన చోట, లైటు వెయ్యగానే నామం గీతలు లోపలి నుంచి వెలిగినట్టు కనిపిస్తాయి. వెన్నలో దీపం పెట్టినట్టుంటుంది. దానికి రెండు జాగ్రత్తలు. ఎల్‌ఈడీ పట్టీ షీటుకి అంటించకూడదు, మూడు నాలుగంగుళాలు వెనక్కి ఉండాలి, లేకపోతే లైటు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, వేడీ పట్టేస్తుంది. అడాప్టరు మార్చడానికి వెనకో పక్కనో చిన్న తలుపు ఉండాలి. ఆ తలుపు పెట్టని మందిరంలో లైటు పోతే గోడ నుంచి అంతా విప్పాల్సి వస్తుంది.

అసలు సంగతి దీపం. నేను చేసిన మందిరమే, కొంపల్లిలో. రోజూ పెట్టే చిన్న కుందులు లెక్కేసి పై తోరణం ఎత్తు పెట్టాను. కార్తీక పౌర్ణమినాడు వాళ్లు 365 వత్తుల కట్ట నేతిలో ముంచి మందిరం లోపలే వెలిగించారు. ఆ మంట జానెడు ఎత్తు లేస్తుంది. తెల్లారి ఫోటో పంపారు. తోరణం కింది అంచు గోధుమ రంగుకి తిరిగి, అప్పడంలా బుడగలు తేలింది. వాళ్ల తప్పు కాదు. పండగనాడు ఏం వెలిగిస్తారో నేనే అడగాల్సింది. తోరణం విప్పి ఉచితంగా కొత్తది చేసిచ్చాను. ఇప్పుడు కొలతలు తీసేటప్పుడు మొదట అడిగేది అదే: కార్తీకంలో ఏం చేస్తారు, అఖండ దీపం పెడతారా, హారతి ఎక్కడ నిలబడి ఇస్తారు. మంట పైన కనీసం రెండడుగుల ఖాళీ ఉంచుతాను. దీపాల చోట షీటు మీద నల్లరాతి పలకో, ఇత్తడి పళ్లెమో విడిగా కూర్చునేలా చేస్తాను. 365 వత్తులు మాత్రం తులసికోట దగ్గర వెలిగించుకోమని చెప్తాను.

నూనెతో తడిసిన కుంకుమని గుడ్డతో రుద్దితే జాలీ సందుల్లోకి ఎక్కుతుంది. ముందు గిన్నెలు తోమే సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్, తర్వాత తడిగుడ్డ. అగరుబత్తీ నిప్పు రాలి చిన్న మచ్చ పడితే 400 నంబరు ఎమరీ పేపర్‌తో మీరే తీసేయొచ్చు. ఒకచోటే గట్టిగా రుద్దితే అక్కడ గుంట పడుతుంది, అరచెయ్యంత మేర తేలిగ్గా తిప్పండి.

లోతుగా కాలినా, పెచ్చు లేచినా షీటు మార్చక్కర్లేదు. పాడైన చోటు రూటర్‌తో గుండ్రంగా తీసి, అదే షీటు ముక్కని బిళ్లలా కోసి కూర్చోబెడతాం. సాండింగ్ అయ్యాక ఎక్కడ పెట్టామో నాకే వెతుక్కోవాల్సి వస్తుంది. కానీ దానికి అదే బ్యాచ్ ముక్క కావాలి, ఐదేళ్ల తర్వాత ఆ బ్యాచ్ బజారులో దొరకదు. అందుకని పని అయిపోయిన రోజు మిగిలిన ముక్కల్లో అడుగు పొడవుది ఒకటి, సింకు రంధ్రంలోంచి తీసిన ముక్క ఒకటి అడిగి తీసుకోండి. వెనక మార్కర్‌తో రంగు కోడు, బ్యాచ్ నంబరు, తేదీ రాసి, సింకు కింద క్యాబినెట్‌లో వెనక గోడకి ఆనించి నిలబెట్టండి.